భాను కొట్టిన మూడు గోల్స్

పలాస ఫుట్‌బాల్ టీము సమావేశాలు తారకేశ్వరరావుగారి జీడి ఫ్యాక్టరీలో, పప్పు గ్రేడింగు చేసే బల్ల చుట్టూ జరుగుతాయి. ఆట మీద అభిమానంతో ఆయన ఆ చోటు ఇచ్చాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆటగాళ్లలో సగానికి పైగా ఆయన దగ్గర పనిచేసేవాళ్లే. ముందు పప్పు పోసి ఉంటే మాట్లాడుతున్నంతసేపూ వాళ్ల చేతులు ఊరుకోవు. విరగని గుళ్లు ఒక పక్కకి, సగానికి విడిన బద్దలు ఒక పక్కకి, ముక్కలు ఇంకో పక్కకి పోతూనే ఉంటాయి. సమావేశం ఎంత పొడుగైతే అభిమానానికి అంత గిట్టుబాటు.

ఆ గురువారం సమావేశం బాగానే సాగింది. టెక్కలి టోర్నమెంటులో కప్పు గెలుచుకొచ్చిన టీముకి ఆదివారం సన్మానం. ఫైనల్లో మూడు గోల్సూ కొట్టిన భానుకి ప్రత్యేకంగా శాలువా. షామియానా, మైకు, ముఖ్య అతిథిగా సర్కిల్ ఇనస్పెక్టరు. శాలువా ఏ రంగుదైతే ఫొటోలో బాగుంటుందన్న విషయం మీద వ్యాయామం మాస్టారు నిరంజన్ చాలాసేపు మాట్లాడాడు. ఆయన టీముకి కోచ్. ఆట గురించి ఆయన అంతసేపు మాట్లాడగా ఎవరూ వినలేదు.

భాను బల్ల చివర కూర్చుని బద్దలు ఏరుకుని తింటున్నాడు. తారకేశ్వరరావుగారి మేనల్లుడు కాబట్టి అతను తినేది గ్రేడింగు కిందే లెక్క. టెక్కలిలో ఫైనల్ ఆడుతున్న సమయానికి అతను బరంపురంలో మ్యాటినీ చూస్తున్నాడు. ఈ సంగతి బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. అయినా గోల్స్ మాట వచ్చినప్పుడల్లా తల వంచుకుని సిగ్గుపడటం ఈమధ్య అలవాటు చేసుకున్నాడు. ఆ సిగ్గు చూసి నిరంజన్ మాస్టారు నిజంగానే మురిసిపోతున్నాడు.

"కెప్టెన్‌వి, శాలువా నువ్వే కప్పాలి. భాను ఎడంకాలు గురించి నాలుగు ముక్కలు కూడా సెప్పు" అన్నాడు తారకేశ్వరరావు.

కెప్టెన్ ఢిల్లీరావు గుళ్లు ఏరుతూనే "అలాగేనండి" అన్నాడు. అతను ఆ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మైదానంలో పదిమందిని అదిలిస్తాడు, ఇక్కడ అలాగేనండి అంటాడు.

అప్పుడే షెడ్డు గుమ్మంలో చేపల తట్ట దించిన చప్పుడైంది. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు, జీడిజిడ్డు అంటకుండా చేతులకి బూడిద రాసుకుంటూ, అటు చూశారు. గంగమ్మపేట రత్నాలమ్మ. సముద్రం ఒడ్డు నుంచి చేపలు తెచ్చి పలాస వీధుల్లో అమ్ముకునే మనిషి.

"ఢిల్లీబావూ, ఓపాలి ఇలగ రా" అంది.

ఢిల్లీరావు లేచేలోగా ఆమే లోపలికి వచ్చింది.

"నా కొడుకు శివాజీని ఇనస్పెట్రు రోజూ టేసనుకి పిలిసి కూకోబెడతన్నాడు. సోమారం నాడు కేసు కట్టీసి జైలుకి పంపీత్తాడట. ఆ కొట్లాటనాడు మావోడు ఎక్కడున్నాడో మీరందరూ ఎరుగుదురు. మీతోటి టెక్కల్లో ఆడతన్నాడు కదా. ఆ ముక్క వొచ్చి సెప్పండి. నాను ఇంకేటీ అడగను."

బల్ల మీద చేతులు ఆగిపోయాయి. తారకేశ్వరరావుగారి ఫ్యాక్టరీలో అది చిన్న విషయం కాదు.

ఫైనల్ జరిగిన రోజునే రెండు పల్లెల వాళ్లు వల దగ్గర తగువు పడి ఒడ్డున కర్రలతో కొట్టుకున్నారు. అవతలి పల్లె మనిషికి తల పగిలి ఇంకా విశాఖపట్నం ఆస్పత్రిలోనే ఉన్నాడు. పోలీసులు వచ్చి, కొట్టినవాళ్ల పేర్లు మీరే ఇవ్వండి అన్నారు. గంగమ్మపేట పెద్దలు అలాంటప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశారు. నిజంగా కొట్టినవాళ్ల పేర్లు ఇవ్వలేదు, వాళ్లు పడవల మీదికి కావాలి. ఆ రోజు ఊళ్లో లేనివాళ్ల పేర్లు ఇచ్చారు. లేనివాడి మీద కేసు నిలవదు, ఊరికి నష్టం ఉండదు. తాతల నాటి నుంచి పాము చావకుండా కర్ర విరగకుండా నడుస్తున్న పద్ధతి. ఒకడు గుజరాత్ వీరావల్‌లో చేపల బోటు మీద ఉన్నాడు, వాడి పేరు స్టేషనుకి పోయింది. ఒకడు బరంపురం ఆస్పత్రిలో మంచం మీద ఉన్నాడు, వాడి పేరూ పోయింది. ఇద్దరు చేజారాక ఇనస్పెక్టరుకి ఒళ్లు మండింది. ఇక మిగిలింది శివాజీ ఒక్కడే.

"మా పెద్దలు ఆడి పేరు ఎందుకిచ్చినారో ఎరుగుదువా?" అంది రత్నాలమ్మ. "మిగతావోళ్లని ఒకలో ఇద్దరో సూసుంటారు, ఈణ్ని టెక్కలి టెక్కలంతా సూసింది, ఈడికి బయిం లేదన్నారు. మీ మీద అంత దైర్నం ఆళ్లకి."

అదీ చిక్కు. టోర్నమెంటులో పట్టణం కుర్రాళ్లే ఆడాలని రూలు. గంగమ్మపేటవాడు పనికిరాడు. అందుకని భాను పేరు రాయించి, భాను చొక్కా తొడిగి, శివాజీని దింపారు. టెక్కలంతా చూసింది శివాజీనే. చప్పట్లు కొట్టింది భానుకి.

తారకేశ్వరరావు కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు. ఆయన నవ్వు చాలా దయగా ఉంటుంది.

"శివాజీ మన పిల్లడు రత్నాలమ్మా. ఆడి కోసం మంచి ప్లీడర్ని పెడతాను. బెయిలు నాది పూచీ. కానీ ముందు ఎళ్లనీ. లోపలికి ఎళ్లినోణ్నే కదా బయటికి తెప్పించగలం?"

రత్నాలమ్మ ఆయన వంక చూసింది, భాను వంక చూసింది. గోల్స్ కొట్టిన కాలు ఎవరిదో బయటపడితే కప్పు పోతుంది. ఆ గోల్స్ చూపించి ఆటగాళ్ల కోటాలో భానుకి రాబోతున్న ఉద్యోగం కూడా పోతుంది. ఇవి ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు, భాను బద్దలు తినడం మానేశాడు.

"నువ్వు సెప్పు బావూ" అంది ఢిల్లీరావుతో. "నువ్వు కేప్టెనువి."

"సూద్దాం" అన్నాడు ఢిల్లీరావు. "ఆదివారం అవనీ."

మర్నాడు మధ్యాహ్నం ఢిల్లీరావు స్టేషనుకి వెళ్లాడు. వెళ్లాడు అనడం కంటే ఆ దారిన వెళుతూ సైకిలు ఆపాడు అనాలి. ఎవరైనా చూస్తే గొలుసు ఊడిందని చెప్పడానికి వీలుగా వెనక చక్రం దగ్గర వంగున్నాడు.

శివాజీ వరండా కింద జీపు తుడుస్తున్నాడు. పొద్దుటి నుంచి కుండల్లో నీళ్లు నింపాడు, వాకిలి ఊడ్చాడు, మూడుసార్లు టీ తెచ్చాడు. కేసు ఇంకా కట్టలేదు కాబట్టి అతను ముద్దాయి కాదు, జీతం లేని నౌకరు. గుడ్డ పిండి, విదిలించి, చక్రం మూత చుట్టూ వేలు పెట్టి మట్టి తీస్తున్నాడు. పడవ అడుగుకి పట్టిన నాచు గీకడం అలవాటైన చెయ్యి. ఎవరూ చెప్పకపోయినా ఆ పని శుభ్రంగానే చేస్తోంది.

ఢిల్లీరావుని చూడగానే మొహం విప్పారింది.

"వొచ్చినావా అన్నా! లోనకెళ్లి సెప్పీసినావా?"

"ఇంకా లేదురా. అయ్యగారు ప్లీడరుతోటి మాటాడతన్నారు."

"ప్లీడరెందుకు? నువ్వు సెప్తే సాలదేటి?" శివాజీ గొంతులో అనుమానమేమీ లేదు, తెలియక అడుగుతున్నాడు. "నానంటే ఎవులూ నమ్మట్లేదు. ఆడినానంటే నవ్వుతన్నారు. నీ పేరు అక్కడ లేదు కదరా అంటన్నారు. నువ్వూ మాస్టారూ వొచ్చి ఈడేనంటే అయిపోద్ది."

చెప్పులు లేని కాళ్లు మట్టిలో ఉన్నాయి. ఎడమ బొటనవేలి గోరు నల్లగా, సగం లేచి ఉంది. భాను బూట్లు బిగువు. ఫైనల్ ఆడినంతసేపూ ఆ బూట్లలోనే పరిగెత్తాడు. సగం ఆటలో విప్పేస్తానంటే, ఉత్తకాళ్లతో ఆడనివ్వరని ఢిల్లీరావే మళ్లీ తొడిగించి తాళ్లు లాగి కట్టాడు. ఇప్పుడు ఆ గోరు చూసి ఢిల్లీరావుకి చాలా జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకి కాస్త గౌరవం కూడా కలిగింది.

"ఆదివారం అవనీరా" అన్నాడు.

"ఆదోరం ఏటుంది?"

శివాజీకి సన్మానం సంగతి తెలీదు. ఢిల్లీరావు గొలుసు సరిచేసినట్టు నటించి సైకిలెక్కాడు.

అతను ఏమీ ప్రయత్నించలేదని అనకూడదు. శనివారమంతా ఇల్లిల్లూ తిరిగాడు. గోల్‌కీపరు సింహాచలం, అందరూ వస్తే తనూ వస్తానన్నాడు. వచ్చే అందరిలో మొదటివాడు మాత్రం అవనన్నాడు. బ్యాక్ ఆడే కామేశ్వరరావు, ఫ్యాక్టరీ యజమానికి ఎదురు చెప్పడానికి తన జాతకంలో ఈ నెల బాగోలేదన్నాడు. నిరంజన్ మాస్టారు ఢిల్లీరావుని కుర్చీలో కూర్చోబెట్టి, క్రీడాస్ఫూర్తి అంటే వ్యక్తి కాదు జట్టు ముఖ్యమని వివరించాడు. భార్య తెచ్చిన టీ ఇచ్చి, శివాజీ లాంటి ఆటగాడు మళ్లీ దొరకడని కళ్లు తుడుచుకున్నాడు. పోయినవాడి గురించి మాట్లాడినట్టే మాట్లాడాడు. మనిషి ఇంకా అరమైలు దూరంలో జీపు తుడుస్తున్నాడు.

వాళ్లందరినీ ఢిల్లీరావు మనసులో బాగా తిట్టుకున్నాడు. పిరికి వెధవలన్నాడు, తిండి కోసం బతికే కుక్కలన్నాడు. తిట్టుకున్నకొద్దీ తను వేరే జాతివాడిలా అనిపించింది. ఆదివారం పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని షామియానా కిందికి అందరికంటే ముందు వెళ్లింది మాత్రం అతనే.

సన్మానం ఘనంగా జరిగింది. ఏ సన్మానమైనా ఘనంగానే జరుగుతుంది, అందులో సందేహమేమీ లేదు. కప్పుని తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టారు. ఇనస్పెక్టరు యూనిఫాంలో వచ్చి మధ్య కుర్చీలో కూర్చున్నాడు. పెద్ద మీసం లేదు, పెద్ద మాటలు లేవు. ఉపన్యాసాలు జరుగుతుంటే ఎవరు మాట్లాడితే వాళ్ల మొహమే చూస్తూ కూర్చున్నాడు. తారకేశ్వరరావు, పలాస అంటే ఇంతకాలం జీడిపప్పు, ఇక మీదట భాను అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. జనంలో చాలామంది ఫైనల్ చూడటానికి లారీలెక్కి టెక్కలి వెళ్లినవాళ్లే. గోల్ కొట్టినవాణ్ని భుజాల మీద మోసినవాళ్లు కూడా ఉన్నారు. తాము మోసింది ఎవరినో వాళ్లకి తెలుసు. తెలిసి కొట్టిన చప్పట్లు కాబట్టి ఇంకాస్త గట్టిగా మోగాయి.

ఢిల్లీరావు శాలువా విప్పాడు. భాను మెడ వంచాడు. కప్పేటప్పుడు ఒక కొస జారితే, ఫొటో తీసేవాడు మళ్లీ కప్పమన్నాడు. ఢిల్లీరావు మళ్లీ కప్పాడు.

తరవాత మైకు ముందుకి వచ్చాడు. రెండు ముక్కలు చెప్పి దిగిపోదామనుకున్నాడు. కానీ మైకులో తన గొంతు తనకే పెద్దగా వినిపించింది. మొదటి గోల్ గురించి మొదలుపెట్టాడు. అది నిజంగా గొప్ప గోల్. కుడి పక్క నుంచి వచ్చిన బంతిని ఆపకుండా, ఎడంకాలితో, కీపరు చెయ్యి అందని మూలకి కొట్టడం. చెబుతుంటే మళ్లీ కళ్ల ముందు కనిపించింది. రెండోది చెప్పాడు. మూడోది, కీపరు అడ్డంగా వచ్చి గుద్దుకున్నా పడిపోతూ పడిపోతూ కొట్టినది, అది కూడా చెప్పాడు. అంత బాగా అతను జన్మలో మాట్లాడలేదు. ప్రతి వాక్యానికీ ముందు భాను అన్న పేరు చేర్చడం ఒక్కటే అతను చేసిన మార్పు.

దిగుతుంటే షామియానా తాడు పక్కన రత్నాలమ్మ కనిపించింది. తట్ట చంకన పెట్టుకుని మొత్తం విన్నట్టుంది. తిడుతుందేమోనని ఢిల్లీరావు ఆగాడు. ఆమె తిట్టలేదు. కళ్లనీళ్లు పెట్టుకోలేదు. బేరంలో మరీ కిందికి అడిగినవాడి నుంచి మొహం తిప్పుకున్నట్టు తిప్పుకుని, రోడ్డు మీదికి నడిచి, టెక్కలి బస్సెక్కింది.

ఆ రాత్రి ఢిల్లీరావుకి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. పోతే పోయింది ఉద్యోగం, చెప్పేస్తాను అనుకున్నాడు. అలా అనుకోగానే ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తలంటుకున్నాడు. భార్య రజనితో "ఇయ్యాళ ఒక మంచి పని సేత్తన్నాను" అన్నాడు. ఏం పనని ఆమె అడిగితే, నీకు తరవాత తెలుస్తుందన్నాడు. ఫ్యాక్టరీకి సెలవు పెట్టలేదు, కాస్త ఆలస్యంగా వస్తానని కబురు పెట్టాడు. అతని ధైర్యం కూడా జాగ్రత్త గలదే.

దారిలో మాటలు పేర్చుకున్నాడు. ఇనస్పెక్టరు మొదట నమ్మడు. కుర్చీ ఇచ్చినా తను కూర్చోకుండా, నిలబడే చెబుతాడు. రత్నాలమ్మ ఏడుస్తుంది. శివాజీ వచ్చి కాళ్లకి దండం పెట్టబోతే తను వారిస్తాడు. అంతవరకూ అంతా సిద్ధంగా ఉంది.

స్టేషను ముందు ప్రహరీ గోడ మీద వరసగా కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు. పల్లీలు తింటూ తొక్కలు రోడ్డు మీద ఊదుతున్నారు. మొహాలు ఎక్కడో చూసినట్టే ఉన్నాయి. ఒకడు ఢిల్లీరావుని చూసి నవ్వాడు. ముందుపన్ను లేదు. అప్పుడు గుర్తుపట్టాడు, టెక్కలి గోల్‌కీపరు నారాయణరావు. గోడ మీద ఉన్నది టెక్కలి టీము.

ఢిల్లీరావుకి వాళ్లంటే మంట. ఫైనల్లో పలాస చేతిలో ఓడినరోజు మైదానంలో నానా గొడవ చేశారు. అరువు ఆటగాణ్ని తెచ్చారని రెఫరీ కాలర్ పట్టుకున్నారు. ఓడటం చేతకాని వెధవలని పలాస అంతా నెల్లాళ్లు నవ్వుకుంది.

"ఏటి కేప్టెనూ, ఇలగొచ్చినావు?" అన్నాడు నారాయణరావు. "మాది అయిపోయింది. లోనకెళ్లు."

"ఏటయిపోయింది?"

"సాచ్చికం. ఆ ముసిల్ది నిన్న మా ఊరొచ్చింది. అరువోడు ఆడినాడని మీరే అరిసినారు కదా, ఆ అరుపు ఇంకోపాలి టేసనుకొచ్చి అరవండి అంది." నారాయణరావు పల్లీ నోట్లో వేసుకున్నాడు. "నీకు దరమం లాగ అగుపిత్తందేమో. అలగేం కాదు. ఆయమ్మకి కొడుకు కావాల, మాకు కప్పు కావాల. బేరం కుదిరిపోయింది."

ఢిల్లీరావు గబగబా లోపలికి వెళ్లాడు. ఇనస్పెక్టరు బల్ల ముందు రత్నాలమ్మ నిలబడి ఉంది. శివాజీ గోడకి ఆనుకుని ఉన్నాడు. ఈసారి చేతిలో గుడ్డ లేదు.

"సార్, నేను పలాస టీము కెప్టెన్ని" అన్నాడు ఢిల్లీరావు. గొంతు అనుకున్నదాని కంటే బాగానే పలికింది. "ఆ రోజు టెక్కలిలో భాను ఆడలేదు సార్. శివాజీయే ఆడాడు. గోల్స్ మూడూ ఇతనివే. నా ఉద్యోగం పోయినా సరే, నిజం చెప్పడానికి వచ్చాను."

ఇనస్పెక్టరు తలెత్తాడు. నిన్న షామియానా కింద చూసినట్టే మొహంలోకి చూశాడు.

"నిన్న మైకులో ఎవరు కొట్టారన్నావు?"

ఢిల్లీరావు గుమ్మం వైపు చూశాడు.

"చాలా బాగా మాట్లాడావయ్యా. మూడు గోల్సూ కళ్లకి కట్టావు. చూస్తే తప్ప అలా చెప్పలేరనుకున్నాను, నమ్మాను కూడా. ఇవాళ ఇతనంటున్నావు. రేపు కోర్టులో పెడితే ఎవరంటావు?"

"అది... మా అయ్యగారు చెప్పమంటే..."

"ఎవరు చెప్పమంటే వాళ్ల పేరు చెబుతావు. నిన్ను సాక్షిగా రాస్తే అవతలి ప్లీడరు అయిదు నిమిషాల్లో నా కేసు నవ్వులపాలు చేస్తాడు." ఇనస్పెక్టరు గొంతు పెంచలేదు. "బయట గోడ మీద ఉన్నవాళ్లు ఓడిపోయిన రోజే అరిచారు, అప్పటికి ఈ కొట్లాట సంగతి వాళ్లకి తెలీదు. తన పన్ను రాలగొట్టినవాణ్ని ఆ కీపరు పదిమందిలో నిలబెడితే వేలెత్తి చూపించాడు. నాకది చాలు. నువ్వు పక్కకి జరుగు, గాలి రావట్లేదు."

ఢిల్లీరావు పక్కకి జరిగాడు. ఇనస్పెక్టరు శివాజీని చూసి, ఇక వెళ్లమన్నట్టు చెయ్యి ఊపాడు. గంగమ్మపేట పెద్దలకి, ఈసారి కొట్టినవాళ్ల పేర్లతో తనని కలవమని కబురు చెప్పమన్నాడు. శివాజీ తల ఊపాడు. ఢిల్లీరావు ముందు నుంచే అతను నడిచి వెళ్లాడు. కాళ్లకి దండం పెట్టలేదు. కోపంగా చూసినా కాస్త బాగుండేది. వరండా స్తంభాన్ని తప్పుకుని వెళ్లినట్టు వెళ్లాడు.

"ఒరే శివాజీ" అని వెనకనుంచి పిలిచాడు ఢిల్లీరావు. "వొచ్చే నెల్లో మేచీ ఉంది రా, సొంత పేరు రాయిత్తాను..."

బయట నారాయణరావు అప్పటికే శివాజీ భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. పన్ను లేని నోటితో నవ్వుతున్నాడు. వాళ్ల బేరం కప్పుతోనే ఆగేలా లేదు.

ఢిల్లీరావు మెట్ల మీద రత్నాలమ్మకి అడ్డంగా నిలబడ్డాడు. ఎవరైనా ఒక్కరు, కనీసం ఈమె, ఒక మంచి మాట అంటే తప్ప ఆ రోజు గడిచేలా లేదు.

"రత్నాలమ్మా, నాను వొచ్చి సెప్పినాను కదా. నీ యెదరే సెప్పినాను. ఇన్నావు కదా?"

రత్నాలమ్మ తట్ట చంకలోకి సర్దుకుంది.

"ఇన్నాను బావూ. బాగా సెప్పినావు. నిన్న కూడా ఇలగే బాగా సెప్పినావు."

అతను పక్కకి తప్పుకునేదాకా ఆగి, కొడుకు వెనక మెట్లు దిగింది.